స్లైడులో వీడియో: ఏ కంప్యూటర్‌లోనైనా ఆడేదాకా

స్లైడు ప్రదర్శన వయసు మూడున్నర శతాబ్దాలకు పైమాటే. 1659 ప్రాంతంలో డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ తయారుచేసిన మ్యాజిక్ లాంతరు, గాజుపలక మీద గీసిన బొమ్మగుండా దీపం వెలుగును పంపి దాన్ని గోడ మీద పెద్దదిగా చూపించేది. 1850లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో లాంగెన్‌హైమ్ సోదరులు గాజు మీద ఫొటో ముద్రించే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. అప్పటినుంచి చేత్తో గీసిన బొమ్మ స్థానంలో ఫొటో కూర్చుంది. 1936లో కొడాక్రోమ్ ఫిల్ము 35 మిల్లీమీటర్ల కెమెరాలకు అందడంతో రంగుల స్లైడ్లు ఇళ్లలోకీ తరగతి గదుల్లోకీ వచ్చాయి. 1961లో కొడాక్ తెచ్చిన క్యారసెల్ ప్రొజెక్టర్ గుండ్రటి ట్రేలో 80 స్లైడ్లు పట్టేవి. మీట నొక్కితే చాలు, ట్రే తిరిగి తర్వాతి స్లైడు దీపం ముందుకు వచ్చేది. ఇప్పటి కంప్యూటర్ స్లైడ్ల వరుస, ముందుకూ వెనక్కూ జరిపే మీట, చీకటి గదిలో తెర పక్కన నిలబడి మాట్లాడే పద్ధతి అన్నీ ఆ లాంతర్ల, ప్రొజెక్టర్ల కాలం నుంచి అందినవే.

ఈ కాలమంతా కదిలే బొమ్మ మాత్రం వేరే యంత్రం సొత్తు. తెలుగునాట సినిమా హాళ్లలో విశ్రాంతి వేళ తెర మీద పడే చీరల కొట్ల ప్రకటనలు స్లైడు లాంతరు నుంచి వచ్చేవి. న్యూస్ రీలు, అసలు సినిమా ఫిల్మ్ ప్రొజెక్టర్ నుంచి వచ్చేవి. గది ఒకటే, తెర ఒకటే, యంత్రాలు రెండు. ఆపరేటర్ ఒకదాన్ని ఆర్పి మరొకదాన్ని వెలిగించాల్సిందే. పాఠశాలల్లో, ఆరోగ్య శిక్షణ శిబిరాల్లో స్లైడ్లకు టేప్ రికార్డర్‌ను జతచేసిన రోజులున్నాయి. టేపులో మాటతోపాటు నమోదైన సంకేతం అందగానే ప్రొజెక్టర్ తర్వాతి స్లైడుకు జరిగేది. ఆ ఏర్పాటుతో స్లైడుకు గొంతు వచ్చింది గానీ కదలిక రాలేదు. 1970లలో పెద్ద కంపెనీలు తమ వార్షిక సభల కోసం అనేక ప్రొజెక్టర్లను ఒకే తెర మీదికి గురిపెట్టి, వాటిని వేగంగా వెలిగిస్తూ ఆర్పుతూ కదలిక భ్రమ కలిగించేవి. ఖర్చు విపరీతం, పైగా ఆ సరంజామా మొత్తాన్నీ మరో ఊరికి మోసుకెళ్లడం మరో పెద్ద పని.

కంప్యూటర్ రాతనూ కదిలే బొమ్మనూ ఒకే తెర మీద కలిపి చూపిన తొలి గొప్ప సందర్భం 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు చెందిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ వేదిక మీద కూర్చుని, దూరాన మెన్లోపార్క్‌లో ఉన్న తన కంప్యూటర్‌ను మౌస్‌తో నడిపిస్తూ గంటన్నరసేపు ప్రసంగించాడు. ఐడోఫోర్ అనే భారీ వీడియో ప్రొజెక్టర్ ద్వారా ఆయన రాస్తున్న అక్షరాలు, అక్కడి సహచరుల ముఖాలు ఒకే తెర మీద పక్కపక్కన కనిపించాయి. ఆ ఒక్క ప్రదర్శనకు ఒక పరిశోధనశాల మొత్తం వెనక నిలబడాల్సి వచ్చింది. అదే పనిని ఒక మనిషి, ఒక సంచిలో పట్టే యంత్రంతో, ఎక్కడికైనా వెళ్లి చేయగలగడానికి మరో నలభై ఏళ్లు పట్టింది.

ఆ దారిలో పెద్ద మజిలీ పవర్‌పాయింట్. కాలిఫోర్నియాలోని ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీలో 1984లో చేరిన రాబర్ట్ గ్యాస్కిన్స్, డెనిస్ ఆస్టిన్, టామ్ రడ్కిన్‌లతో కలిసి దాన్ని రూపొందించాడు. మొదట పెట్టుకున్న పేరు ప్రెజెంటర్. 1987 ఏప్రిల్‌లో అది ఆపిల్ మ్యాకింటాష్ కోసం పవర్‌పాయింట్ పేరుతో విడుదలైంది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ 1.4 కోట్ల డాలర్లకు ఫోర్‌థాట్‌ను కొనేసింది. మొదటి మూడు సంస్కరణలూ మూడు మాధ్యమాలను లక్ష్యంగా పెట్టుకున్నాయి. 1987 నాటి మొదటిది ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టే నలుపు తెలుపు పారదర్శక పత్రాలను అచ్చు వేయడానికి. 1988 నాటి రెండోది 35 మిల్లీమీటర్ల రంగుల స్లైడ్లు చేయించుకోవడానికి. 1992లో వచ్చిన మూడోదానికి కాగితమూ ఫిల్మూ అక్కర్లేదు. కంప్యూటర్ నుంచి నేరుగా తెర మీదికే. ఆ ఏడాది ఫిబ్రవరి 25న పారిస్‌లోని హోటల్ రెజీనాలో మైక్రోసాఫ్ట్ ఉద్యోగుల సభలో గ్యాస్కిన్స్ తన ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టర్‌కు తగిలించి స్లైడ్లు చూపించాడు. ప్రసంగించే మనిషి తన ల్యాప్‌టాప్‌ను తనే వెంటతెచ్చుకుని తీగ తగిలించే అలవాటుకు చరిత్రలో మొదటి చిరునామాగా ఆ హోటల్ గదినే చెప్పుకుంటారు.

స్లైడు తెర మీదికి నేరుగా చేరగలిగింది కాబట్టి, అందులో సినిమా ఎందుకు ఆడకూడదన్న ప్రశ్న వెంటనే వచ్చింది. అడ్డం పడింది పరిమాణం. 640 అడ్డం, 480 నిలువు చుక్కల తెర మీద పూర్తి రంగులతో ఒక్క ఫ్రేము దాదాపు 9 లక్షల బైట్లు. అప్పటి 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో ఒకటిన్నర ఫ్రేము పడుతుంది. సెకనుకు 30 ఫ్రేముల చొప్పున ఒక్క నిమిషం సినిమాకు 1,600 మెగాబైట్లు దాటుతుంది. ఆనాటి చాలా వ్యక్తిగత కంప్యూటర్లలో హార్డ్‌డిస్క్ మొత్తం కలిపినా అందులో పదో వంతు ఉండేది కాదు. సీడీ నుంచి చదివే వేగం సెకనుకు 150 కిలోబైట్లు. కాబట్టి వీడియోను వందల వంతులు కుదించి, ఆడే సమయంలో మళ్లీ విప్పాలి. ఈ కుదించి విప్పే లెక్కల పద్ధతినే కోడెక్ అంటారు. స్లైడులో వీడియో చరిత్రలో తగాదాలు చాలావరకు ఈ ఒక్క వస్తువు చుట్టూ తిరిగినవే.

1991 డిసెంబర్‌లో ఆపిల్ క్విక్‌టైమ్‌ను విడుదల చేసింది. ప్రత్యేక పరికరం ఏదీ లేకుండా మామూలు మ్యాకింటాష్ మీద సినిమా ఆడించిన వ్యవస్థ అది. 160 అడ్డం, 120 నిలువు చుక్కల గడిలో, తపాలా బిళ్లంత బొమ్మ కదిలేది. అంత చిన్న బొమ్మకే జనం నోరెళ్లబెట్టారంటే, అంతకుముందు ఏ పరిస్థితి ఉండేదో ఊహించవచ్చు. ఏడాది తిరక్కుండానే, 1992 నవంబర్‌లో, మైక్రోసాఫ్ట్ వీడియో ఫర్ విండోస్ అనే తన వ్యవస్థను తెచ్చింది. ఆపిల్ సినిమా ఫైలు పేరు చివర ఎంఓవీ అని, మైక్రోసాఫ్ట్ ఫైలు చివర ఏవీఐ అని ఉండేది. వీటిని సీసాలనుకుంటే, లోపల పోసే సరుకు కోడెక్. సూపర్‌మ్యాక్ కంపెనీ సినీపాక్, ఇంటెల్ కంపెనీ ఇండియో, మైక్రోసాఫ్ట్ సొంత కోడెక్ ఇలా ఒక్కో సీసాలో పలు రకాలు. ఫైలు పేరు చూసి సీసాను గుర్తుపట్టవచ్చు గానీ లోపలేముందో తెలియదు. ఒక కంప్యూటర్‌లో చక్కగా ఆడిన ఏవీఐ మరో కంప్యూటర్‌లో నల్లటి గడిగా మిగిలిపోవడానికి మూలం ఇక్కడే ఉంది. ఆ రెండో యంత్రంలో సరైన కోడెక్ లేదు.

పవర్‌పాయింట్ 1990లలో వీడియోను స్లైడులోకి రానిచ్చింది, అయితే అతిథిగానే. సినిమా ఫైలు స్లైడ్ల ఫైల్లో ఉండేది కాదు. స్లైడు మీద కనిపించేది మొదటి ఫ్రేము బొమ్మ మాత్రమే. దాని వెనక, సినిమా ఫలానా డిస్కులో ఫలానా ఫోల్డర్‌లో ఉందని చెప్పే చిరునామా ఒకటి రాసి ఉండేది. ధ్వని విషయంలోనూ ఇంతే. 100 కిలోబైట్లలోపు వేవ్ ఫైళ్లను మాత్రం లోపల ఇమిడ్చేది, అంతకు మించితే చిరునామాతో సరిపెట్టేది. చిన్న డిస్కుల కాలంలో ఈ నిర్ణయం అన్యాయమేమీ కాదు. పది మెగాబైట్ల సినిమా లోపల చేరితే స్లైడ్ల ఫైలు తెరుచుకోవడానికే నిమిషాలు పట్టేది. కాని దాని ఫలితాన్ని ఒక తరం ఉపాధ్యాయులు, ఉద్యోగులు, పరిశోధక విద్యార్థులు అనుభవించారు. రాత్రి ఇంట్లో అంతా సరిచూసుకుని, ఫైలును ఫ్లాపీలోకో పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కించుకుని, తెల్లారి సభలోని కంప్యూటర్‌లో తెరిస్తే వీడియో ఉండాల్సిన చోట బొమ్మ మాత్రమే మిగిలేది. చిరునామా వచ్చింది, ఇల్లు రాలేదు.

మ్యాకింటాష్ నుంచి విండోస్‌కు మారితే చిరునామా రాసే తీరే వేరు. పాత మ్యాకింటాష్‌లో ఫోల్డర్ల పేర్ల మధ్య విసర్గలాంటి రెండు చుక్కలు, విండోస్‌లో వెనక్కి వాలిన గీత. ఒకదాని దారి మరొకదానికి అర్థమయ్యేది కాదు. వాడకందార్లు అనుభవం మీద ఒక సూత్రం కనుక్కున్నారు. ముందుగా ఒక కొత్త ఫోల్డర్ తెరిచి, స్లైడ్ల ఫైలునూ వీడియోలన్నిటినీ అందులో పెట్టి, ఆ తర్వాతే వీడియోను స్లైడులో చేర్చాలి. పవర్‌పాయింట్ రాసుకున్న దారిలో వీడియో దొరక్కపోతే తన పక్కనే ఉందేమోనని అదే ఫోల్డర్‌లో వెతుకుతుంది. ఫోల్డర్ మొత్తాన్నీ తీసుకెళ్తే వీడియో ఆడుతుంది. ఫైల్ పేర్లు పొట్టిగా ఉంచాలనీ, ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోకూడదనీ కూడా నేర్చుకున్నారు. మైక్రోసాఫ్ట్ కూడా సర్ది పంపే సాధనాలను జోడించింది. 1990లలో ప్యాక్ అండ్ గో, 2003 సంస్కరణలో ప్యాకేజ్ ఫర్ సీడీ. ఇవి స్లైడ్ల ఫైలునూ దానికి తగులుకున్న ఫైళ్లనూ ఒకచోట పోగుచేసి, పవర్‌పాయింట్ లేని కంప్యూటర్‌లోనూ చూసేందుకు ఉచిత వ్యూయర్‌ను తోడు పంపేవి. మంచి సాధనాలే. అయితే వాటికి అందనిది ఒకటుంది. ఫైలును అవి మోసుకెళ్లగలవు, కోడెక్‌ను మోసుకెళ్లలేవు.

ఈ రెండో చిక్కు మొదటిదానికంటే మొండిది. ఆ రోజుల్లో విండోస్ పవర్‌పాయింట్ తాను స్వయంగా సినిమా ఆడించేది కాదు. ఎంసీఐ అనే విండోస్ పాత మీడియా వ్యవస్థకు ఆ పని అప్పగించేది. విండోస్ మీడియా ప్లేయర్‌లో శుభ్రంగా ఆడే ఫైలు స్లైడులో ఆడకపోవడానికి ఇదే కారణం. రెండూ వేర్వేరు దారుల్లో కోడెక్‌ను వెతుక్కునేవి. క్విక్‌టైమ్ తొలి సంస్కరణల ఫైళ్లను ఎంసీఐ ఆడించగలిగేది, మూడో సంస్కరణ నుంచి చేతులెత్తేసింది. మ్యాకింటాష్ పవర్‌పాయింట్ మాత్రం క్విక్‌టైమ్ మీదే ఆధారపడేది. కాబట్టి మ్యాకింటాష్‌లో చేసిన స్లైడ్ల వీడియో విండోస్‌లోనూ, విండోస్‌లో చేసినవి మ్యాకింటాష్‌లోనూ ఆడకపోవడం మామూలు సంగతైపోయింది. మైక్రోసాఫ్ట్ వారి కోడెక్‌ను మార్చి 1999లో రూపొందించిన డివ్‌ఎక్స్ ఇంటర్నెట్‌లో వ్యాపించాక ఏవీఐ సీసాలోకి మరో కొత్త సరుకు చేరింది. కోడెక్‌లను గంపగుత్తగా దించే ప్యాకులు పుట్టుకొచ్చాయి. అవి కొన్ని కంప్యూటర్లను బాగుచేశాయి, మరికొన్నింటిలో అప్పటిదాకా ఆడుతున్న వాటినీ చెడగొట్టాయి.

ఈ గందరగోళంలో ఒక పాత ప్రమాణం అక్కరకొచ్చింది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) 1993లో ప్రచురించిన ఎంపెగ్-1. ఎవరి సొంత సరుకూ కాకపోవడంతో విండోస్, మ్యాకింటాష్ రెండూ దాన్ని విప్పగలిగేవి. వీడియో సీడీల్లో (వీసీడీల్లో) ఉండేది అదే. 2000 ప్రాంతంలో తెలుగు ఊళ్లలో వీధివీధికీ వెలసిన వీసీడీ కొట్లు అద్దెకిచ్చిన సినిమాలు 352 అడ్డం, 288 నిలువు చుక్కల ఎంపెగ్-1 వీడియోలే. వీసీడీలో పేరు చివర డీఏటీ అని ఉన్న ఫైలును హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, దాన్ని ఎంపీజీ అని మారిస్తే చాలావరకు స్లైడులో ఆడేది. బొమ్మ అంత స్పష్టంగా ఉండకపోయినా ఎక్కడైనా ఆడటం అన్న గుణం దానికుంది. తెలిసినవాళ్లు తమ వీడియోను ఎంపెగ్-1లోకి మార్చుకుని సభకు వెళ్లేవారు. అందరికీ తెలిసిన, ఎవరికీ చెందని ప్రమాణమే ప్రదర్శనను ఊరు దాటిస్తుందన్న సంగతి అప్పుడే రుజువైంది. పెద్ద కంపెనీలు దాన్ని అంగీకరించడానికి మాత్రం మరో పదేళ్లకు పైగా పట్టింది.

మూడో చిక్కు తీగ దగ్గర ఎదురయ్యేది. వీడియో ల్యాప్‌టాప్ తెర మీద ఆడుతుంటుంది, పెద్ద తెర మీద అదే చోట నల్లటి గడి. ఫైలూ సరైనదే, కోడెక్కూ ఉంది. కంప్యూటర్ భారాన్ని తగ్గించడానికి గ్రాఫిక్స్ కార్డులు వీడియోను మిగతా తెరతో కలపకుండా, ఓవర్‌లే అనే ప్రత్యేక పొర మీద నేరుగా చిత్రించేవి. చాలా కార్డుల్లో ఆ పొర ఒక్కటే ఉండేది, అదీ మొదటి తెరకే దక్కేది. ప్రొజెక్టర్ రెండో తెర. విండోస్ ఎక్స్‌పీలో డిస్‌ప్లే సెట్టింగుల లోతుల్లోకి వెళ్లి హార్డ్‌వేర్ యాక్సెలరేషన్‌ను తగ్గించడం ఒక మందు. ల్యాప్‌టాప్ తెరను ఆర్పేసి బొమ్మను ప్రొజెక్టర్‌కే పంపడం మరొకటి. ప్రసంగించేవారిలో ఎంతమందికి ఈ సంగతి తెలుస్తుంది? తప్పు తమదేననుకుని క్షమాపణ చెప్పుకుని తర్వాతి స్లైడుకు వెళ్లిపోయినవారే ఎక్కువ. తెర మొత్తాన్నీ ఒకేచోట కలిపి చిత్రించే పద్ధతి 2007లో విండోస్ విస్టాతో వచ్చాకే ఈ బెడద తగ్గుముఖం పట్టింది.

తెలుగువారికి వీటన్నిటికీ తోడు ఇంకొకటి. వీడియో రాకపోతే ఒక గడి ఖాళీ. ఫాంటు రాకపోతే స్లైడు మొత్తం పోయినట్టే. యూనికోడ్ ముందు కాలపు తెలుగు ఫాంట్లలో, ఆంగ్ల అక్షరాల సంకేతాల స్థానంలో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంపర్థంలేని ఆంగ్ల అక్షరాలు, గుర్తులు కనిపించేవి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో యూనికోడ్ తెలుగును అందించింది. అయినా ముద్రణ రంగం నుంచి వచ్చిన పాత ఫాంట్ల అలవాటు స్లైడ్లలో చాలాకాలం కొనసాగింది. ఫాంటును ఫైల్లోనే ఇమిడ్చే వీలు విండోస్ పవర్‌పాయింట్‌లో ఉన్నా, మ్యాకింటాష్ సంస్కరణ చాలా ఏళ్లు దాన్ని పట్టించుకోలేదు. స్లైడును బొమ్మగా మార్చి పెట్టడమే అప్పట్లో నమ్మకమైన దారి. అది మంచి పరిష్కారం కాదు, ఎందుకంటే అందులోని అక్షరాన్ని తర్వాత ఎవరూ దిద్దలేరు, వెతకలేరు.

స్లైడ్ల ప్రదర్శన తెలుగు ప్రజాజీవితంలోకి త్వరగానే వచ్చింది. 1995 నుంచి 2004 దాకా ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్న నారా చంద్రబాబు నాయుడు 1997లో ఢిల్లీలో బిల్ గేట్స్‌ను కలిసినప్పుడు ల్యాప్‌టాప్ మీద పవర్‌పాయింట్ ప్రదర్శన ఇచ్చారు. 1998లో మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం హైదరాబాద్‌కు వచ్చింది. తర్వాతి కాలంలో జిల్లా సమీక్షల్లో సైతం స్లైడ్లు తప్పనిసరయ్యాయి. 2016 మార్చి 31న తెలంగాణ శాసనసభలో ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు నీటిపారుదల ప్రాజెక్టులపై పెద్ద తెరల మీద, గూగుల్ ఎర్త్ చిత్రాలతో గంటల తరబడి ప్రదర్శన ఇచ్చారు. శాసనసభలో అలాంటి ప్రదర్శన తగునా అన్న వాదన కూడా అప్పుడు నడిచింది. సాంకేతికంగా చూస్తే, నదుల మీద ఎగురుతున్నట్టు కదిలే దృశ్యం స్లైడ్ల ప్రసంగంలో ఇమిడిపోయే స్థితికి కంప్యూటర్లు అప్పటికి చేరాయి.

ఆ స్థితి రావడానికి మూలం మళ్లీ ప్రమాణమే. ఎంపెగ్-1ను రూపొందించిన ఎంపెగ్ బృందం 1998లో తన కొత్త ఫైలు రూపానికి ఆపిల్ క్విక్‌టైమ్ ఫైలు నిర్మాణాన్ని పునాదిగా ఎంచుకుంది. దానిలోంచి ఎంపీ4 సీసా పుట్టింది. 2003 మే నెలలో అంతర్జాతీయ టెలికాం సమాఖ్య, ఎంపెగ్ బృందం కలిసి హెచ్.264 అనే కోడెక్‌ను పూర్తిచేశాయి. అదే నాణ్యతను పాత కోడెక్‌ల కంటే ఎంతో చిన్న ఫైల్లో ఇవ్వగలగడం దాని బలం. ఫోన్లు, కెమెరాలు, ఉపగ్రహ టీవీ, బ్లూరే డిస్కులు, యూట్యూబ్ ఒక్కొక్కటిగా దాన్ని చేపట్టాయి. 2009లో విండోస్ 7 దాన్ని విప్పే సామర్థ్యంతోనే వచ్చింది. పదిహేడేళ్ల ఎంఓవీ, ఏవీఐల పోరు ఎవరి గెలుపుతోనూ ముగియలేదు. ఒకరి సీసా నిర్మాణాన్ని, ఉమ్మడిగా తయారైన కోడెక్‌ను అందరూ వాడుకోవడంతో ముగిసింది. దానికి ముందు కొన్నేళ్లు విచిత్రమైన సర్దుబాట్లు నడిచాయి. 2006లో మైక్రోసాఫ్ట్ మ్యాకింటాష్ కోసం తన మీడియా ప్లేయర్‌ను ఆపేసి, విండోస్ వీడియోలను క్విక్‌టైమ్‌లో ఆడించే ఫ్లిప్4మ్యాక్ అనే వేరే కంపెనీ సాధనాన్ని ఉచితంగా అందించింది.

ఆపిల్ వైపున 2003 జనవరిలో స్టీవ్ జాబ్స్ కీనోట్‌ను పరిచయం చేశాడు. క్విక్‌టైమ్ మీద నిర్మించడంతో వీడియో అందులో సహజంగా ఒదిగేది, చేర్చిన వీడియో ఫైలుతోపాటే ప్రయాణించేది కూడా. 2006లో వచ్చిన యాన్ ఇన్‌కన్వీనియంట్ ట్రూత్ డాక్యుమెంటరీలో అల్ గోర్ తెర ముందు నిలబడి చూపిన స్లైడ్లు కీనోట్‌లో చేసినవే. అయితే అప్పట్లో కీనోట్ ఫైలు విండోస్‌లో తెరుచుకునేది కాదు. అందమైన ప్రదర్శన అయినా సొంత ల్యాప్‌టాప్ లేకుండా బయటికి కదిలేది కాదు.

పవర్‌పాయింట్‌లో నిర్ణాయకమైన మార్పు రెండు మెట్లలో జరిగింది. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2007తో వచ్చిన పీపీటీఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ పొట్లం. పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే లోపల స్లైడ్లు ఒక ఫోల్డర్‌లో, బొమ్మలు మీడియా అనే మరో ఫోల్డర్‌లో విడివిడిగా కనిపిస్తాయి. అంతకుముందు పీపీటీ ఫైలు లోపలి నిర్మాణాన్ని మైక్రోసాఫ్ట్ 2008 దాకా అందరికీ బహిరంగంగా ప్రచురించలేదు. ఓపెన్ ఆఫీస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లు రాసినవాళ్లు ఆ నిర్మాణాన్ని బయటినుంచే విప్పి అర్థం చేసుకోవాల్సి వచ్చింది. కొత్త రూపాన్ని అంతర్జాతీయ ప్రమాణంగా ఆమోదించే విషయంలో పెద్ద వివాదం చెలరేగింది. ఇప్పటికే ఓపెన్ డాక్యుమెంట్ అనే ప్రమాణం ఉండగా రెండోది ఎందుకన్నది ప్రధాన అభ్యంతరం. భారత ప్రమాణాల సంస్థ వ్యతిరేకంగానే ఓటు వేసింది. అయినా 2008లో అది ఐఎస్ఓ ప్రమాణమైంది. ఆ వాదనలో ఎవరి పక్షం వహించినా, మూసిన పెట్టె తెరుచుకోవడం వాడకందార్లకు మేలే చేసింది.

రెండో మెట్టు 2010లో. ఆ ఏడాది పవర్‌పాయింట్ చేర్చిన వీడియోను ఫైల్లోనే ఇమిడ్చడం మొదలుపెట్టింది. చిరునామా మాత్రమే రాసుకునే పద్ధతి ఐచ్ఛికంగా మిగిలింది. వీడియోలో అక్కర్లేని భాగాన్ని కత్తిరించడం, పరిమాణం కుదించడం స్లైడులోనే సాధ్యమయ్యాయి. ప్రదర్శన మొత్తాన్నీ ఒక వీడియో ఫైలుగా మార్చుకునే వీలు కూడా వచ్చింది. పవర్‌పాయింటే లేని చోట స్లైడ్లు చూపించడానికి అది పనికొస్తుంది. అప్పటికీ ఎంపీ4 ఆడాలంటే విండోస్‌లో క్విక్‌టైమ్ ఉండాలన్న షరతు మిగిలే ఉంది. 2013 సంస్కరణ ఆ షరతునూ తీసేసి, ఎంపీ4 సీసాలో హెచ్.264 వీడియో, ఏఏసీ అనే కోడెక్‌లో ధ్వని ఉన్న ఫైలునే అన్నిటికంటే మేలైనదిగా సిఫారసు చేసింది. మూడేళ్ల తర్వాత ఆపిల్ విండోస్‌లో క్విక్‌టైమ్‌కు మద్దతు మానుకుంది. భద్రతా లోపాల దృష్ట్యా దాన్ని తీసేయమని 2016 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగమే హెచ్చరించింది. అప్పటికి అది లేని లోటు స్లైడ్లకు పెద్దగా తెలియలేదు.

ఇదే కాలంలో స్లైడ్లు బ్రౌజర్‌లోకీ వచ్చాయి. 2007 సెప్టెంబర్‌లో గూగుల్, 2010లో మైక్రోసాఫ్ట్ తమ స్లైడ్ల సేవలను వెబ్‌లో తెరిచాయి. ఫైలును మోసుకెళ్లే బాధ తప్పింది, వీడియోను యూట్యూబ్ నుంచి పిలిపిస్తే చాలు. అయితే పాత చిరునామా పద్ధతే ఇక్కడ కొత్త వేషంలో తిరిగొచ్చింది. సభలో ఇంటర్నెట్ లేకపోతే, సొంతదారు వీడియోను తొలగిస్తే, స్లైడులో మళ్లీ ఖాళీ గడే. అప్పట్లో యూట్యూబ్ వీడియోలు ఫ్లాష్ అనే బ్రౌజర్ పొడిగింపు ద్వారా ఆడేవి. 2020 చివర అడోబీ ఫ్లాష్‌ను పూర్తిగా ఆపేయడంతో ఆ పద్ధతిలో చేసిన పాత స్లైడ్లు చాలా మూగబోయాయి.

కోడెక్ చిక్కు కూడా పూర్తిగా తొలగిపోలేదు. 2013లో ప్రమాణమైన హెచ్ఈవీసీ, హెచ్.264 కంటే ఫైలును బాగా చిన్నది చేస్తుంది. 2017లో ఐఓఎస్ 11 నుంచి కొత్త ఐఫోన్లు అందులోనే వీడియో తీయడం మొదలుపెట్టాయి. విండోస్ 10లో దాన్ని విప్పే పొడిగింపును విడిగా, చాలావరకు డబ్బిచ్చి, తెచ్చుకోవాల్సి వచ్చింది. ఫోన్‌లో తీసిన వీడియోను నేరుగా స్లైడులో పెట్టి మరో కంప్యూటర్‌లో తెరిస్తే, ముప్పై ఏళ్ల కిందటి నల్లటి గడి ఇప్పటికీ ఎదురుకావచ్చు. లైసెన్సు రుసుము లేని ఏవీ1 కోడెక్ 2018లో విడుదలైనా, పాత కంప్యూటర్లు దాన్ని సులువుగా ఆడించలేవు.

కాబట్టి తమ ప్రదర్శన ఏ కంప్యూటర్‌లోనైనా ఆడాలని కోరుకునేవారికి నేటికీ నిలిచే పద్ధతి ఇది. వీడియోను ఎంపీ4 సీసాలో హెచ్.264గా, ధ్వనిని ఏఏసీగా మార్చుకోవాలి. లింకుతో సరిపెట్టకుండా పీపీటీఎక్స్‌లోనే ఇమిడ్చాలి. తెలుగు పాఠ్యాన్ని యూనికోడ్‌లో రాయాలి. విడి వీడియో ఫైలును కూడా అదే పెన్‌డ్రైవ్‌లో వెంట ఉంచుకోవాలి. అన్నిటికీ మించి, సభ మొదలవడానికి ముందే ఆ గదిలోని కంప్యూటర్‌లో, ఆ ప్రొజెక్టర్ మీద, ఒక్కసారైనా వీడియోను ఆడించి చూసుకోవాలి.